రైటరు దశరథరామయ్య రాసిన నాలుగు పేజీలు

జగ్గయ్యపేట సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా ఒక రేకుల పంచ ఉండేది. ఆ పంచలో చాప పరిచి, వాలు బల్ల ముందు పెట్టుకుని దశరథరామయ్య ఇరవై ఆరేళ్ళు కూర్చున్నాడు. దస్తావేజు లేఖరి. ఊరంతా రైటరు గారు అనేవారు. పొలం అమ్మినా, ఇల్లు కొన్నా, అన్నదమ్ములు విడిపోయినా కాగితం ఆయన చేతి మీదుగా వెళ్ళాల్సిందే.

ఆయన పని చూడాలంటే పంక్తి చివర చూడాలి. మాట అయిపోయి చోటు మిగిలితే అక్కడ అడ్డగీత గీసేవాడు, తర్వాత ఎవరూ అందులో ఒక సున్నా కూడా ఇరికించకుండా. రాస్తున్నప్పుడు తప్పు పోతే దాచేవాడు కాదు. కొట్టివేసి, పైన సరైన మాట రాసి, కాగితం అడుగున ‘రెండవ పుట తొమ్మిదవ పంక్తిలో ఒక మాట కొట్టివేయడమైనది’ అని ఒప్పుకునేవాడు. ఆ కింద తన పేరు. ఆయన రాసిన కాగితం నందిగామ కోర్టులో ఒక్కటి కూడా ఓడిపోలేదని వకీళ్ళు చెప్పేవారు.

ఇంత జాగ్రత్తగా రాసినదాన్ని ఒక్కరూ చదివేవారు కాదు. వేలిముద్ర వేసి, మడతపెట్టి, పెట్టె అడుగున పడేసేవారు.

“మీరు రాసేవి చెదపురుగులు తప్ప ఎవరైనా చదువుతారా?” అనేది ఆయన భార్య బసవమ్మ. ఆవిడ నవలలు చదివేది. పొద్దున్నే ఆయనకు కావలసిన కాగితాలు సిద్ధం చేసే పని ఆవిడదే. జోడు కాగితాల మడతలో తడి దారం పెట్టి, కాసేపు ఆగి లాగితే కత్తి అక్కర్లేకుండా నున్నగా రెండయ్యేవి. ఆ పని అయ్యాక అద్దె నవల పట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చునేది.

“అబద్ధాలు చదవడానికి అంత ఇష్టమేమిటో!” అనేవాడు రామయ్య.

“మీ నిజాల్లో ఒక్క మనిషీ ఊపిరి పీల్చడు కదండీ,” అనేది.

అద్దె పుస్తకాల షాపు కమలాకుమారిది. ఇంటి ముందు గదిలో నాలుగు బీరువాలు పెట్టి నడిపేది. పాఠకులు నవల చదివి ఊరుకోరు కదా, అంచుల్లో ‘చాలా బాగుంది’, ‘విలన్ చచ్చాడు, పీడా పోయింది’ అని రాసి పాడు చేస్తున్నారని, బైండింగు చేసే నన్నే సాహెబ్ ఒక ఉపాయం చెప్పాడు. ప్రతి నవల చివర నాలుగు తెల్లకాగితాలు కలిపి కుట్టడం మొదలుపెట్టాడు. రాసేదేదో అక్కడ రాసుకోమన్నారు. ఆనాటి నుంచి సగం మంది నవల కోసం కాక ఆ చివరి కాగితాల కోసమే పుస్తకం తీసుకునేవారు.

డెబ్భై తొమ్మిదిలో ‘గడియ వేయని గది’ వచ్చింది. అట్ట మీద రచయిత్రి పేరుంది గాని, రాసింది మీసాలున్న మనిషేనని అందరికీ అనుమానం. అందులో శేఖరం అనే ఇంజనీరు, మాధవి అనే లెక్చరరు, వాళ్ళిద్దరి మధ్య వాన. నెల తిరక్కుండా చివరి కాగితాలు నిండిపోయాయి.

‘ఇలాంటి పుస్తకాలు నిషేధించాలి. రెండో భాగం ఎప్పుడొస్తుంది?’

‘మా అమ్మాయి చదవకూడదని నేనే రెండుసార్లు చదివి చూశాను.’

‘మాధవి అన్ని పేజీల్లోనూ తడుస్తూనే ఉంది. ఆ లెక్చరరుకు గొడుగు కొనే స్తోమత లేదా?’ ఇది నందిగామ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే ప్రేమకుమారి రాసింది. ఆవిడ ప్రతి శనివారం బస్సెక్కి పుస్తకాలకు వచ్చేది. ఆవిడ అభిప్రాయానికి షాపులో చాలా విలువ.

ఎంత తిట్టినా, పుస్తకాన్ని బల్ల మీద పెడితే తనంతట తానే నూట నలభై మూడో పేజీ దగ్గర విచ్చుకునేది. ఆ పేజీ నుంచి నూట నలభై ఆరు దాకా ఏముందో ఎవరూ పైకి చెప్పేవారు కాదు.

ఒక రోజు ఆ రెండు కాగితాలూ లేవు.

కమలాకుమారి పుస్తకం పట్టుకుని పంచలోకి వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాలు కూడా కుడతాడు కనుక నన్నే సాహెబ్ ఆ పంచలోనే, రామయ్య పక్కనే కూర్చునేవాడు.

“చూడండి సాహెబు గారూ! ఎవరు చింపుకుపోయారో, వాళ్ళ చేతులు పడిపోను!”

సాహెబ్ కళ్ళజోడు పెట్టుకుని కుట్టు దగ్గర వేలితో తడిమాడు. “అట్టా తిట్టకమ్మా. చింపింది కాదిది. తడి దారం పెట్టి తీసారు. కాగితం పని తెలిసిన చెయ్యి,” అని రామయ్య వైపు ఒకసారి చూశాడు. రామయ్య సర్వే నంబర్లు సరిచూసుకుంటున్నాడు.

“చెయ్యి సంగతి నాకెందుకు? పుస్తకం మొహాన కొడుతున్నారు. ఇంకో కాపీ బెజవాడలో కూడా లేదంట. మీరే ఏదో ఒకటి చెయ్యాలి.”

“కాగితం అతుకుతా. మధ్యలో మేటరు ఎవరు రాస్తారు?”

“కథ నాకు తెలుసుగా.”

“చెప్పమ్మా మరి.”

“అంటే… వాన పడుతుంటది. అతనొస్తాడు. వచ్చి…”

“వచ్చి?”

కమలాకుమారి పైట సవరించుకుంది. “మీకు ఆరుగురు పిల్లలు సాహెబు గారూ. నన్నడుగుతారేంటి?”

సాహెబ్ నవ్వి, పుస్తకం తీసుకెళ్ళి రామయ్య వాలు బల్ల మీద పెట్టాడు.

“తీసెయ్. ఆ చెత్త నా బల్ల మీద పెట్టకు,” అన్నాడు రామయ్య.

“చెత్తే అనుకోండి రైటరు గారూ. కొలత చూడండి. పేజీకి ఇరవై ఎనిమిది పంక్తులు. ఇక్కడ ‘మాధవి తలుపు దగ్గరకు వెళ్ళి’ అని ఆగిపోయింది. అక్కడ ‘జడ అల్లుకుంటూ, కాఫీ చల్లారిపోయిందని నవ్వింది’ అని మొదలవుద్ది. మధ్యలో నాలుగు పేజీలు. అటు మాటా ఇటు మాటా అతుకు కనపడకుండా కలవాలి. ఒక పంక్తి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు. ఈ తాలూకాలో అట్టా రాయగలిగేవాళ్ళు ఎవరున్నారు?”

రామయ్యకు పొగడ్త పనిచేయదు. కొలత పనిచేస్తుంది. పేజీ మీద స్కేలు పెట్టి అంచు చూశాడు. పంక్తులు లెక్కపెట్టాడు. సాహెబ్ చెప్పింది సరిగ్గానే ఉంది.

“ఈ సంగతి బయటకు పొక్కిందంటే ఒక్క పెద్దమనిషి నా దగ్గర వీలునామా రాయించుకోడు. ఇరవై ఆరేళ్ళ పేరు పోతుంది.”

“నేనెందుకు చెప్తానండీ.”

“ఒట్టు పెట్టు.”

సాహెబ్ కుట్టుసూది మీద ఒట్టు పెట్టాడు. ఆయనకు అంతకు మించిన ఒట్టు లేదు.

మర్నాడు సబ్ రిజిస్ట్రారు సెలవు. ఆఫీసుకు తాళం. మిట్టమధ్యాహ్నం పంచలో ఎవరూ లేని సమయంలో రామయ్య పెన్సిలుతో గీతలు గీసి, సన్న పాళీ తీసి, అచ్చు అక్షరాల్లా ఉండేటట్టు నిటారుగా రాయడం మొదలుపెట్టాడు. చేతిరాత మార్చితే చాలు, ఎవరూ పోల్చలేరనుకున్నాడు. మాట మార్చాలన్న ఆలోచన రాలేదు.

మాధవి తలుపు దగ్గరకు వెళ్ళి…

‘గడియ మీద చేయి వేసి, వేయక, నిలబడినది. సదరు గదికి తూర్పున జల్లు కొట్టు కిటికీ, దక్షిణమున మంచము, పడమర అద్దాల బీరువా, ఉత్తరమున తాను నిలబడిన తలుపు. ఈ నాలుగు హద్దుల నడుమ మరెవ్వరును లేరని ఆమెకు అప్పుడే తెలిసినది.’

అక్కడిదాకా రాసి ఆగాడు. శేఖరం గదిలోకి వచ్చాడు. ఇప్పుడేం చేయాలి? ముందు పేజీల్లో ఇతను చేయి లాగేశాడు, పమిట లాగేశాడు. రామయ్యకు అది నచ్చలేదు. అవతలివారి ఇష్టం కనుక్కోకుండా రాసిన కాగితం నిలవదు. అందుకని శేఖరం చేత అడిగించాడు.

‘నీ చేయి పట్టుకొనవచ్చునా అని అడిగెను. మాధవి పూర్ణ ఆరోగ్యముతో, ఎవరి బలవంతమును, ప్రోద్బలమును లేక, తన ఇష్టపూర్వకముగా చేయి అందించినది. తడిసిన జడ విప్పవచ్చునా అని మరల అడిగెను. ఆమె వెంటనే చెప్పలేదు. వాన చప్పుడు వినుచు కొంతసేపు ఆలోచించి, విప్పవచ్చునన్నది.’

ఇలా ఒక్కొక్క మెట్టు దగ్గరా అడుగుతూ, జవాబు కోసం ఆగుతూ శేఖరం నాలుగో పేజీకి చేరాడు. ‘నాటి నుండి తన భుజము మీద తనకు గాని తన వారసులకు గాని ఎట్టి హక్కును లేదని, దానిని మాధవి సర్వహక్కులతో అనుభవించవలసినదని శేఖరం ఒప్పుకొనెను.’ ఆఖరి పంక్తి ‘వాన వెలిసిన పిమ్మట మాధవి’ దగ్గర సరిగ్గా ముగిసింది. అవతలి పేజీలో జడ, కాఫీ సిద్ధంగా ఉన్నాయి. అతుకు కనపడలేదు. రామయ్య పాళీ తుడిచి, చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

సాహెబ్ ఆ కాగితాలను అంచు కలిపి అతికించి, బరువు పెట్టి ఆరబెట్టాడు. కుట్టు చూశాడు గాని రాత చదవలేదు. చదివి ఉంటే పంక్తుల చివర అడ్డగీతలు కనిపించేవి. నూట నలభై ఆరో పేజీ అడుగున, అంచులో, చీమల బారులా ఉన్న చిన్న రాత కూడా కనిపించేది: ‘నూట నలభై అయిదవ పుట పదకొండవ పంక్తిలో భుజము అను మాట కొట్టివేసి నడుము అని వ్రాయడమైనది.’

ఇరవై ఆరేళ్ళ అలవాటు. ఆ ఒక్క ముక్క రామయ్య రాయలేదు, ఆయన చేయి రాసింది.

మూడు వారాల తర్వాత పుస్తకం మళ్ళీ కుట్టుకు వచ్చింది. చివరి కాగితాలు చాలక కొత్తవి వేయమంది కమలాకుమారి. సాహెబ్ టీకి వెళ్ళినప్పుడు రామయ్య ఆ పుస్తకాన్ని రిజిస్టరు చాటున పెట్టుకుని చదివాడు.

‘నూట నలభై రెండు పేజీల్లో శేఖరం ఒక్కసారి కూడా అడగలేదు. ఇక్కడ ఆగి అడిగాడు. మాధవి ఆలోచించుకునేదాకా ఆగాడు. మొత్తం నవల ఈ చేతిరాత మనిషే రాస్తే బాగుండేది.’ ప్రేమకుమారి సంతకం.

‘మా ఇంట్లో టీ కావాలా అని కూడా ఎవరూ అడగరు. ఈ శేఖరం మాత్రం జడ విప్పడానికి అడిగాడు. నాలుగుసార్లు చదివాను.’ జైబున్నీసా.

‘హద్దులు చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళూ హద్దులంటే పొలానికే అనుకున్నాను.’ కింద పేరు లేదు.

‘వారసుల ప్రస్తావన ఇంత తొందరగా అవసరమా?’ ఇది మగవాళ్ళ చేతిరాత.

రామయ్య చెవులు వేడెక్కాయి. ఆయన రాసింది చదివారు! నాలుగుసార్లు చదివారు! పేజీ తిప్పాడు. ఆఖరున ఎర్ర సిరాతో ఒక్క పంక్తి ఉంది.

‘కొట్టివేతలు కూడా చెప్పారు. రిజిస్ట్రేషను ఎప్పుడు రైటరు గారూ?’

అప్పుడు గాని ఆయన నూట నలభై ఆరో పేజీ అడుగు చూసుకోలేదు. ఆ రోజు రెండు క్రయపత్రాల్లో ఒక ఊరి పేరు బదులు ఇంకో ఊరి పేరు రాశాడు. రెండింటినీ కొట్టివేసి, అడుగున ఒప్పుకున్నాడు.

ఆ వారమే చిల్లకల్లు నుంచి వీరరాఘవయ్య వచ్చాడు. నలభై ఎకరాల రైతు. నవ్వడం ఎవరూ చూడలేదు. వాళ్ళ అన్నదమ్ముల భాగపంపకాల కాగితం రామయ్యే రాశాడు గాని, ఏడాదిగా సంతకాలు పూర్తి కాక ఆగిపోయి ఉంది. వీరరాఘవయ్య చంకలో తువ్వాలు మూట. దాన్ని విప్పి వాలు బల్ల మీద రెండు పెట్టాడు. ఒకటి ఆ పంపకాల కాగితం. రెండోది ‘గడియ వేయని గది’.

పంచలో సూది చప్పుడు ఆగిపోయింది.

“రైటరు గారూ, ఈ పుస్తకం మా ఆడమనిషి చదివింది. నాకూ చదివి వినిపించింది.”

“అట్టాగా అండీ,” అన్నాడు రామయ్య.

“ఈ అడ్డగీతలు చూడండి. మా కాగితంలో అడ్డగీతలూ చూడండి. ఈ అడుగున కొట్టివేత చూడండి. మా కాగితం అడుగునా చూడండి. నేను పెద్ద చదువుకోలా. కానీ ఒక అరక సాలు ఎవరు తోలారో చూసి చెప్తా. ఇది ఎవరు రాసారు?”

కాదనడానికి రామయ్య నోరు తెరిచాడు. చేతిరాత వేరే కదా అనవచ్చు. సాహెబ్ ఒట్టు మీద ఉన్నాడు, నోరెత్తడు. కమలాకుమారికి కూడా రాసింది ఎవరో సాహెబ్ చెప్పలేదు. కాని కళ్ళ ముందు ఆ నాలుగు పేజీలు విచ్చుకుని ఉన్నాయి. ఆయన జీవితంలో పేరు లేకుండా వదిలిన కాగితాలు అవే. అది అప్పటికే మూడు వారాలుగా ఆయన్ని గుచ్చుతోంది.

కలం తీశాడు. కొట్టివేత కింద ‘వ్రాసినది: దశరథరామయ్య, దస్తావేజు లేఖరి’ అని తన మామూలు రాతలో రాశాడు. సిరా ఆరడానికి ఇసుక చల్లి, దులిపి, పుస్తకం ముందుకు తోశాడు.

“నేనే రాసానండీ. మీ కాగితం ఇంకొకరి చేత రాయించుకుంటానంటే ఏమీ అనుకోను.”

వీరరాఘవయ్య ఆ సంతకం చూసి, పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టాడు. “ఇంకొకరు రాస్తే నా కొంప మునుగుద్ది. మా ఆడమనిషికి పుట్టింటోళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరంనర కూడా ఈ పంపకాల్లో ఉంది. ఆవిడ సంతకం పెట్టదు. ఏడాది నుంచీ ముగ్గురు పెద్దమనుషులు చెప్పారు, పెట్టలా. ఇప్పుడేమో, ఈ నాలుగు పేజీలు రాసినాయన ఎవరో తీసుకురా, ఆయనొచ్చి అడిగితే పెడతా అంటంది. రేపు పొద్దున బండి పంపిస్తా.”

ఆయన వెళ్ళాక సాహెబ్ దారానికి మైనం రాస్తూ అన్నాడు: “నేనైతే చెప్పలేదు రైటరు గారూ. తమరే సంతకం పెట్టారు.”

చిల్లకల్లులో వీరరాఘవయ్య ఇంటి వసారాలో చాప వేశారు. ఆయన భార్య భారతీదేవి స్తంభం పక్కన కుర్చీలో కూర్చుంది. యాభై ఏళ్ళ మనిషి. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, రామయ్యను ఎగాదిగా చూసింది.

“మీరేనా అన్నయ్య గారూ? శేఖరం ఇంకొంచెం పొడుగుంటాడనుకున్నా.”

లోపల్నించి ఎవరో కిసుక్కుమన్నారు. రామయ్య తలెత్తలేదు. కాగితం తీసి మొదటి నుంచి చదివాడు. ఎప్పుడూ చదివేటట్టు గడగడా కాదు. ఒక్కొక్క సర్వే నంబరు దగ్గర ఆగి, “ఇది మీ బావి పక్క చెక్క, తెలిసిందా అమ్మా?” అని, ఆవిడ తలూపాక ముందుకు వెళ్ళాడు. ఎకరంనర దగ్గరకు వచ్చేసరికి, “దీనికి బదులు మీ పేరున మిరప తోట రాసారు. మీకు సమ్మతమేనా?” అని అడిగాడు.

ఆవిడ వెంటనే చెప్పలేదు. ఆయన ఆగాడు. వీరరాఘవయ్య దగ్గబోతే చేత్తో వారించాడు.

“ఆ ఎకరంనర దక్షిణపు గట్టు మీద మా నాన్న పెట్టిన చింతచెట్టుంది. అదెవరికి?” అంది భారతీదేవి.

చెట్టు ఎవరికో కాగితంలో లేదు. ఆ చెట్టు సంగతి ఏడాది నుంచీ ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. రామయ్య అక్కడికక్కడే ఒక మాట కొట్టివేసి, చెట్టును ఆవిడకు చేర్చి, కొట్టివేతను అడుగున రాశాడు. ఆవిడ కలం అందుకుని సంతకం చేసింది.

“ఒక మాట అడగనా అన్నయ్య గారూ? మీ ఇంటి కాగితం మీరే రాసుకునుంటారు. అది మా వదిన గారికి ఎప్పుడైనా చదివి వినిపించారా?”

రామయ్య కాగితం మడిచి బండెక్కాడు. జగ్గయ్యపేట చేరేదాకా ఆ మాటే చెవిలో తిరిగింది.

ఇంటికి రాగానే చెప్పులు విప్పి నేరుగా ట్రంకుపెట్టె దగ్గరకు వెళ్ళాడు. బసవమ్మ పెరటి గుమ్మంలో నవల మూసి లేచింది.

“ఏవండీ, ఇప్పుడా పెట్టెందుకు?”

“మన ఇంటి కాగితం నీకు చదివి వినిపిస్తా.”

“ఇప్పుడెందుకండీ! కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతా,” అని గబగబా వచ్చింది. అప్పటికే ఆయన కాగితం మడత విప్పాడు. మధ్యలోంచి రెండు అచ్చు కాగితాలు జారి ఒళ్ళో పడ్డాయి. నూట నలభై మూడు, నూట నలభై అయిదు. అంచులు కత్తి అక్కర్లేకుండా నున్నగా ఉన్నాయి.

రామయ్య ఆ అంచు చూశాడు. భార్యను చూశాడు.

“తడి దారం,” అన్నాడు.

“ఇరవై ఆరేళ్ళలో ఆ కాగితం ఒక్కసారి తీసారా? ఇంతకంటే భద్రమైన చోటు ఇంట్లో ఇంకెక్కడుంది?” అంది బసవమ్మ. పట్టుబడిన మనిషి గొంతులా లేదు.

“చింపినవాళ్ళ చేతులు పడిపోవాలని కమలాకుమారి తిట్టింది.”

“తిట్టనివ్వండి. ఆ సాయంత్రం పుస్తకం తిరిగిచ్చెయ్యాలాయె. ఇంకోసారి చదవాలనిపించింది.” పక్కకు చూసి, గొంతు తగ్గించింది. “తర్వాత మళ్ళీ అద్దెకు తెచ్చి మీవీ చదివా. అడ్డగీత చూడగానే తెలిసింది. అచ్చువి మళ్ళీ ముట్టుకోలా.”

రామయ్య అచ్చు కాగితాలు పక్కన పెట్టాడు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా అడిగాడు. “ఎర్ర సిరాతో రాసింది కూడా నువ్వేనా?”

“ముందు కాగితం చదవండి,” అంది బసవమ్మ, ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంటూ.

చదివాడు. మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా, ఒక్కొక్క చోట ఆగి, తెలిసిందా అని అడుగుతూ. ఆవిడ మధ్యలో లేవలేదు. గడ్డం కింద చేయి పెట్టుకుని, నవల వింటున్నట్టే వింది. అయిపోయాక ఆయన కాగితం మడవకుండా ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు.

“బాగానే ఉంది,” అంది బసవమ్మ. “హద్దుల దగ్గర కొంచెం సాగదీసారు.”